లిథోస్త్రోతోస్

శనివారం సాయంత్రం ప్రొద్దుటూరులో
చర్చి వెనక రేకుల గదిలో
తీమోతి సారు గ్రీకు చెప్తాడు.
ముగ్గురం పోతాం.
ఫ్యాను ఒకటే, అదీ ఆయన వైపు.

ఈ వారం పదం లిథోస్త్రోతోస్.
లిథోస్ అంటే రాయి.
స్త్రోతోస్ అంటే పరిచినది,
చాప పరిచినట్టు, పక్క పరిచినట్టు.
రోమా గవర్నరు న్యాయపీఠమెక్కి కూర్చున్న చోటుకు
గ్రీకులో అదీ పేరు.
పక్కనోళ్లు గబగబా రాసుకుంటాండారు.
నేను పెన్ను మూత తీయలేదు.
ఆ చోటు నాకు ముందే తెలుసు,
పేరు మటుకే కొత్త.

మాది ఎర్రగుంట్ల.
గుంతలో నాపరాయి పొరలు పొరలుగా పడుకోనుంటాది
తడిసి అతుక్కుపోయిన పద్దుల పుస్తకం మాదిరి.
మా నాయన ఉలిని సందున పెట్టి
చెవి ఆనించి
రాయి 'ఊ' అన్నాకనే దెబ్బ వేసేవాడు.
పెనం మీంచి దోసె లేచినట్టు లేచేది బండ,
అంచు చెదరకుండా.
దుమ్ము మాత్రం అన్నిట్లో ఉండేది.
సంగట్లో, తల్లో, దగ్గులో.

"అదే చోటుకు అక్కడోళ్ల మాటలో ఇంకో పేరుంది"
సారు కింద రాసినాడు: గబ్బతా.
"దానికీ రాళ్లు పరిచిన చోటనేనా సార్ అర్థం?"
సుద్దముక్క బల్ల మీద పెట్టేసినాడు.
"కాదు పాపా. మిట్ట అంటారు కొందరు.
బట్టతల అంటారు ఇంకొందరు.
ఖాయంగా ఎవరికీ తెలీదు.
ఒక పేరు ఇంకోదానికి అర్థం కాదు.
చోటు ఒకటే. పిలిచినోళ్లు వేరు."

బట్టతల అనంగానే నాకు నాయన.

గుంత కాడ ఆయన ఓబులేసు.
మస్టరు పుస్తకంలో ఓబులేసు.
బాప్తిస్మం నీళ్లలోంచి లేచినప్పుడు జక్కరయ్య.
రేషన్ కార్డు రాసేటోడు అడిగిన రోజు ఆదివారమో ఏమో,
కార్డులోనూ జక్కరయ్యే.
అవ్వ చచ్చేదాకా "ఒరే ఓబులా" అనే పిలిచింది.
అమ్మకు ఆ రెండూ అవసరం పడలేదు,
"ఇదో" అంటే పలికేవాడు.

కోత మిషను రెండు వేళ్లు తీసుకున్నాక
నష్టపరిహారానికి కోర్టుకు పోయినాం.
ఆ కోర్టు వరండా బండలు
పదకొండేండ్ల ముందు ఆయన పరిచినవే.
మూడో వరస, గోడ పక్క బండ మూలన
ఉలి జారిన గీత.
చెప్పులు విడిచి దాని మీదే నిలబడినాడు.
"సల్లగుందిమే" అన్నాడు నాతో.

బంట్రోతు కేకేసినాడు, "ఓబులేసూ!"
నాయన పలికినాడు.
ఓనరు తరఫు లాయరు కార్డు ఎత్తి చూపించినాడు.
"ఈయన జక్కరయ్య, మిలార్డ్.
ఓబులేసు అనే మనిషి రానే లేదు."
ఎవరో నవ్వినారు.
నాయన మూడు వేళ్ల చెయ్యి పైకెత్తినాడు.
దానికి రెండు పేర్లు లేవు గదా, చూస్తారనుకున్నాడు.

ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నారు.
తెచ్చినాం. ముద్ర సరిగా పడలేదన్నారు.
వాయిదా. మళ్లా వాయిదా.
దగ్గు మాత్రం ఒక్కసారీ వాయిదా పడలేదు.

ఆయన సమాధి మీద బండకు
ఏ పేరు చెక్కాలని మేస్త్రీ అడిగితే
పాలిష్ పట్టియ్యి చాలన్నాను.
పొద్దునపూట ఎండకు
అది ఆయన తల మాదిరే మెరుస్తాది.

"సార్, ఆ చోటును ఎవరన్నా అఫిడవిట్ అడిగినారా?"
సారుకు అర్థం కాలా. ఎగ్జామ్‌లో రాదులే అన్నాడు.

అప్పుడు పెన్ను మూత తీసినాను.
లిథోస్త్రోతోస్ అని రాసినాను.
దాని కింద గబ్బతా.
మధ్యలో సమానం గుర్తు పెట్టలేదు.
సారు వంగి చూసి
"ఏదో మరిచినట్టుండావే" అన్నాడు.